పిరేయస్–ఎజీనా ఫెర్రీ: ఏథెన్స్‌లో ఒక్క రోజు చేతిలో ఉన్న జంటకు

హైదరాబాద్‌లో అమ్మే గ్రీస్ ప్యాకేజీలు చాలావరకు శాంటొరీని చుట్టూనే తిరుగుతాయి. అక్కడ రెండు మూడు రాత్రులు ఉండగలిగితే మంచిదే. కానీ ఏథెన్స్‌లో ఒక్క రోజే ఖాళీ ఉండి, పొద్దున బయల్దేరి రాత్రికి మళ్లీ హోటల్ గదికి చేరాలనుకునే భార్యాభర్తలకు ఆ దీవి కుదరదు. పిరేయస్ రేవు నుంచి శాంటొరీనికి మామూలు ఓడలో ఏడెనిమిది గంటలు, వేగంగా వెళ్లే దానిలోనూ దాదాపు ఐదు గంటలు పడుతుంది. పోయిరావడంతోనే రోజు గడిచిపోతుంది. ఒక్క రోజుకు సరిపోయేవి ఏథెన్స్‌ను ఆనుకుని ఉన్న సరోనిక్ గల్ఫ్‌లోని దీవులు. వాటిలో మేం ముందుగా చెప్పేది ఎజీనా. ఈ సమీక్ష ప్రధానంగా అక్కడికి తీసుకెళ్లే ఫెర్రీ సర్వీసు గురించి, దిగాక ఆ రోజును ఎలా వాడుకోవాలన్న దాని గురించి.

తీర్పు ముందే చెప్పేస్తాం. పిరేయస్ నుంచి ఎజీనాకు రెండు రకాల నౌకలు నడుస్తాయి. ఒకటి కార్లు, లారీలు కూడా ఎక్కించుకునే పెద్ద ఓడ. దానికి గంటా పది నుంచి గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. రెండోది హైడ్రోఫాయిల్ అనే వేగనౌక. అది నలభై నిమిషాల్లో చేరుస్తుంది. వెళ్లేటప్పుడు తప్పకుండా పెద్ద ఓడే ఎక్కండి. వచ్చేటప్పుడు కూడా వీలైతే అదే. హైడ్రోఫాయిల్ మిగిల్చే అరగంట కోసం ఈ ప్రయాణంలో ఉన్న అందమంతా వదులుకోవడం మాకు నచ్చని బేరం. పైగా దాని టికెట్ దాదాపు రెట్టింపు: పెద్ద ఓడలో మనిషికి సుమారు 10 నుంచి 12 యూరోలు, హైడ్రోఫాయిల్‌లో 18 నుంచి 20 దాకా.

హైదరాబాద్ వైపు పని గురించి క్లుప్తంగా. శంషాబాద్ నుంచి ఏథెన్స్‌కు దోహా, దుబాయ్, అబుదాబి మీదుగా ఒక్కసారి మారి వెళ్లొచ్చు. గ్రీస్ సహా చాలా యూరప్ దేశాలకు చెల్లే షెంజెన్ వీసా రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు. సర్వీస్ చార్జీ దీనికి అదనం. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు ఉండాలి. పాస్‌పోర్టు పదేళ్ల లోపు జారీ అయినదై, తిరుగు ప్రయాణం తర్వాత ఇంకో మూడు నెలలు చెల్లాలి. వేసవి కోసమైతే అపాయింట్‌మెంట్లు త్వరగా నిండిపోతాయి, ఏప్రిల్‌లోనే మొదలుపెట్టండి. ఎండాకాలంలో గ్రీస్ సమయం మనకంటే రెండున్నర గంటలు వెనక. మన ఒంటి గడియారం ఇంకా హైదరాబాద్ సమయంలోనే ఉండటం వల్ల మొదటి ఒకటి రెండు రోజులు తెల్లవారుజామునే మెలకువ వస్తుంది. పొద్దుటి ఓడకు అది కలిసొచ్చే విషయం కాబట్టి, దీవి ప్రయాణాన్ని ఏథెన్స్‌లో రెండో రోజుకు పెట్టుకోండి. ఇండియాకు విమానం ఉన్న రోజుకూ, దాని ముందు రోజుకూ మాత్రం పెట్టుకోవద్దు. ఎందుకో గాలి గురించి చెప్పే చోట తెలుస్తుంది.

పిరేయస్ గ్రీస్‌లోకెల్లా పెద్ద రేవు, దాన్ని తక్కువ అంచనా వేయకూడదు. ఇక్కడ ఎక్కువమంది పొరబడేది గేటు దగ్గరే. రేవులో గేట్లకు ఈ-1, ఈ-2 అంటూ నంబర్లు ఉంటాయి. సరోనిక్ దీవుల ఓడలు ఈ-8 నుంచి కదులుతాయి. క్రీట్ ఓడలు నిలిచే గేట్ల వైపు వెళ్లిపోతే వెనక్కి రావడానికి అరగంట ఖాయం. సిటీ మధ్యలోని సింటాగ్మా నుంచి నీలం రంగు మూడో లైన్ మెట్రోలో, మొనాస్టిరాకి నుంచి అయితే ఆకుపచ్చ ఒకటో లైన్‌లో కూడా, పిరేయస్ స్టేషన్‌కు వెళ్లొచ్చు. దాదాపు ఇరవై నిమిషాలు. మామూలు టికెట్ 1.20 యూరోలు, తొంభై నిమిషాలు చెల్లుతుంది. ఎయిర్‌పోర్టు టికెట్ వేరు, అది 9 యూరోలు. ఈ రెండూ ఒకటే అనుకుని మామూలు టికెట్‌తో ఎయిర్‌పోర్టు స్టేషన్‌లో దిగితే జరిమానా పడుతుంది. పిరేయస్ స్టేషన్ బయటికొచ్చి సముద్రానికి ఎదురుగా నిలబడితే ఈ-8 ఎడమ వైపు ఉంటుంది. నీళ్లు కుడిచేతి పక్కన పెట్టుకుని పది నిమిషాలు నడిస్తే చాలు. మూడో లైన్ చివరి స్టేషన్ డిమోటికో థియాట్రోలో దిగి కిందికి నడిచినా ఈ-8 దగ్గరే. ఓడ కదిలే సమయానికి కనీసం నలభై నిమిషాల ముందు మెట్రో దిగేలా చూసుకోండి.

టికెట్లు ఆన్‌లైన్లో ఓడ కంపెనీల సైట్లలో గానీ, ఫెర్రీహాపర్ లాంటి వాటిలో గానీ, లేదంటే ఈ-8 దగ్గరున్న కౌంటర్లలో గానీ కొనొచ్చు. సరోనిక్ ఫెర్రీస్ పెద్ద ఓడలు నడుపుతుంది. హెలెనిక్ సీవేస్, ఏజియన్ ఫ్లయింగ్ డాల్ఫిన్స్ పేర్లు హైడ్రోఫాయిల్స్ దగ్గర కనిపిస్తాయి. పెద్ద ఓడల్లో మామూలు రోజుల్లో అప్పటికప్పుడు కూడా చోటు దొరుకుతుంది. శుక్రవారం సాయంత్రం వెళ్లేవి, ఆదివారం సాయంత్రం తిరిగొచ్చేవి, ఆగస్టు 15 చుట్టుపక్కల రోజులవి మాత్రం ముందే కొనుక్కోవాలి. ఆగస్టు 15 అక్కడ మేరీమాత పండగ, ఏథెన్స్ సగం దీవులకు తరలిపోతుంది. వీలుంటే మంగళ, బుధ, గురువారాల్లో వెళ్లండి.

టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన వాళ్లకు ఇక్కడో చిక్కు ఉంది. ఫారంలో ఇంటిపేరు, పేరు విడివిడిగా అడుగుతారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు ఫారంలోనూ ఆ గడిని ఖాళీగా వదిలితే అది ముందుకు కదలదు. ఉన్న పేరునే రెండు గళ్లలోనూ రాయడం మామూలు పద్ధతి. ఒకే దేశంలో ప్రయాణం కాబట్టి పాస్‌పోర్టు మీద ముద్ర ఏమీ పడదు. అయినా ఏదో ఒక గుర్తింపు దగ్గర పెట్టుకోండి. ఇంకో సంగతి: దిగే రేవు పేరు ఒకసారి సరిచూసుకోండి. ఎజీనా దీవిలో ఊరి రేవు కాక సువాలా, అయియా మరీనా అనే రేవులూ ఉన్నాయి, కొన్ని సీజన్లలో వాటికీ ఓడలు నడుస్తాయి. మీకు కావాల్సింది ఊరి రేవు. ఓడలో చెప్పేటప్పుడు దీవి పేరు ‘ఏయినా’ అని వినిపిస్తుంది.

ఇక రెండు రకాల నౌకల మధ్య తేడా. హైడ్రోఫాయిల్స్‌లో చాలావరకు సోవియట్ కాలంలో రూపొందిన కొమెటా రకానివి. అడుగున రెక్కల్లాంటి లోహపు పలకలుంటాయి. వేగం పుంజుకోగానే అవి ఓడ శరీరాన్ని నీటి మీదికి ఎత్తేస్తాయి, నీటి రాపిడి తగ్గి నౌక దూసుకుపోతుంది. సముద్రం నిశ్చలంగా ఉన్నప్పుడు అది నిజంగా హాయిగా ఉంటుంది. అల లేచిందంటే మాత్రం రెక్కలకు పట్టు సడలి, అడుగు భాగం నీటికేసి దబదబా కొట్టుకుంటుంది. లోపల సీట్లు ఇరుకు, కిటికీల మీద ఉప్పునీటి తెర పేరుకుని బయట ఏమీ సరిగా కనిపించదు, మనసారా నిలబడి గాలి పీల్చుకోవడానికి డెక్ అన్నది దాదాపు లేనట్టే. ఇంజన్ హోరు ఎక్కువ. పక్కపక్కన కూర్చున్న ఇద్దరూ గొంతు పెంచి మాట్లాడుకోవాల్సి వస్తుంది.

పెద్ద ఓడ వేరే ప్రపంచం. కింద వాహనాల గ్యారేజీ, దాని పైన ఏసీ హాలు, ఆ పైన ఆరుబయటి డెక్. సీట్లకు సాధారణంగా నంబర్లుండవు, ముందెక్కినవాళ్లదే చోటు. కాబట్టి ఓడ కదలడానికి ఇరవై ఐదు, ముప్ఫై నిమిషాల ముందే ఎక్కి నేరుగా పై డెక్‌కు వెళ్లండి. ఏ పక్కన కూర్చోవాలన్నది ముఖ్యం. పొద్దున ఓడ నైరుతి దిక్కుగా సాగుతుంది, ఎండ ఎడమ వైపు నుంచి కొడుతుంది. కుడి వైపు నీడ. పైగా కుడి పక్కనే సలామిస్ దీవి కనిపిస్తుంది. క్రీ.పూ. 480లో గ్రీకులు పర్షియన్ నౌకాదళాన్ని ఓడించింది ఆ దీవి పక్కనున్న ఇరుకు జలసంధిలోనే. సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఓడ ఈశాన్యానికి తిరుగుతుంది, సూర్యుడు పడమటికి వెళ్తాడు. అప్పుడు కూడా నీడ కుడి వైపే. సూర్యాస్తమయం చూడాలంటే మాత్రం ఎడమ వైపుకు మారాలి. పొగగొట్టానికి వెనక ఉన్న బల్లలు ఖాళీగా కనిపించినా కూర్చోవద్దు. డీజిల్ వాసన, మసి రెండూ అక్కడికే చేరతాయి.

డెక్ మీద గాలి బాగా కొడుతుంది కాబట్టి ఎండ ఒంటికి తెలియదు, చర్మం మాత్రం మాడుతుంది. సన్‌స్క్రీన్ ఎక్కకముందే రాసుకోండి. టోపీకి గడ్డం కింద తాడు ఉంటే మంచిది. చీర, వదులు చున్నీ ఆ గాలికి ఆగవు, పిన్నులు పెట్టుకున్నా కష్టమే. కుర్తీ, ప్యాంటు హాయి. లోపలి హాలులో ఏసీ చలిగా ఉంటుంది, పల్చటి చొక్కా ఒకటి పైన వేసుకోవడానికి పనికొస్తుంది.

ఓడలోని క్యాంటీన్ గురించి గొప్పగా చెప్పడానికి లేదు, తీసిపారేయడానికీ లేదు. శాకాహారులకు తిరోపిత అనే జున్ను పఫ్, స్పనకోపిత అనే పాలకూర పఫ్ దొరుకుతాయి. నురగ కట్టిన చల్లటి కాఫీ, దాన్ని ఫ్రెడో ఎస్‌ప్రెస్సో అంటారు, బాగుంటుంది. చక్కెర కావాలంటే ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి, తర్వాత వేసుకుంటే చల్లదనంలో కరగదు. అయితే అదే పఫ్ మెట్రో స్టేషన్ బయటి బేకరీలో ఇంకా వేడిగా, తక్కువ ధరకు వస్తుంది. నువ్వులు అద్దిన కులూరి అనే రింగు రొట్టె రెండు కొని సంచిలో వేసుకుంటే ఓడలో ఇద్దరికీ సరిపోతుంది. నీళ్ల సీసాలు కూడా బయటే కొనండి.

గాలి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ సర్వీసులో నమ్మకం సడలేది ఇక్కడే. జులై, ఆగస్టు నెలల్లో ఏజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి వీస్తుంది. ఆకాశంలో మబ్బు తునక కూడా ఉండదు, ఎండ నిండుగా కాస్తుంటుంది, అయినా సముద్రం ఎగిరెగిరి పడుతుంటుంది. మన దగ్గర గాలివాన అంటే మబ్బు పట్టి కనిపిస్తుంది కాబట్టి ఆకాశం చూసి మోసపోతాం. గాలి బలాన్ని అక్కడ బోఫోర్ట్ స్కేలులో చెబుతారు. 6 అంటే గంటకు 39 నుంచి 49 కిలోమీటర్లు. గాలి ఆ దరిదాపులకు వచ్చేసరికి ముందుగా ఆగిపోయేవి హైడ్రోఫాయిల్సే. పెద్ద ఓడలు ఇంకా పై స్థాయి దాకా నడుస్తాయి. సరోనిక్ గల్ఫ్‌కు చుట్టూ నేల అడ్డు ఉన్నందువల్ల నడిసముద్రంలోని దీవులతో పోలిస్తే ఇక్కడ రద్దులు తక్కువ. ఎజీనాను మేం ముందు పెట్టడానికి ఇదొక పెద్ద కారణం. ముందు రోజు రాత్రి గాలి సూచన చూడండి: 4 లోపు అయితే ఏదైనా ఎక్కొచ్చు, 5 అంటే పెద్ద ఓడ మాత్రమే, 6 గానీ ఆ పైన గానీ అంటే ఆ రోజు ఏథెన్స్‌లోనే గడిపి దీవిని మర్నాటికి మార్చుకోండి. విమానం ముందు రోజు ఈ ప్రయాణం వద్దన్నది అందుకే. నావికుల సంఘాల సమ్మె ఉన్న రోజు కూడా రేవు మొత్తం ఆగిపోతుంది.

రద్దయితే డబ్బు పోదు. యూరోపియన్ యూనియన్ 2010 నాటి సముద్ర ప్రయాణికుల హక్కుల నిబంధన (1177/2010) ప్రకారం ఓడ రద్దయినా, తొంభై నిమిషాలకు మించి ఆలస్యంగా కదులుతుందని తెలిసినా, టికెట్ డబ్బు వాపసు తీసుకోవడమా, మరో ఓడలో వెళ్లడమా అన్నది ప్రయాణికుల ఇష్టం. వాతావరణం వల్ల రద్దయితే అదనపు పరిహారం రాదు గానీ టికెట్ సొమ్ము మాత్రం వస్తుంది. ఏజెంటు ద్వారా కొంటే వాపసు కూడా ఆ దారినే తిరిగి రావాలి, ఆలస్యమవుతుంది. అందుకే కంపెనీ సైట్లో నేరుగా కొనడం మేలు.

కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు అవోమిన్ లాంటి మాత్ర ఇక్కడే డాక్టర్ని అడిగి తీసుకెళ్లండి. ఎక్కడానికి కనీసం గంట ముందు వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయదు. ఓడ మధ్య భాగంలో ఊపు తక్కువ, ముక్కు దగ్గర ఎక్కువ. ఫోన్ లోపల పెట్టి దూరంగా కనిపించే నేలను చూస్తూ కూర్చోవాలి. ఖాళీ కడుపుతో ఎక్కడం కూడా మంచిది కాదు.

దిగడం ఒక పద్ధతి ప్రకారం జరుగుతుంది, అది తెలియకపోతే కంగారు పడతారు. ఓడ వెనక్కి తిరిగి, వెనక భాగాన్ని రేవు గట్టుకు ఆనించి, పెద్ద ఇనుప ర్యాంపు దించుతుంది. మనుషులూ వాహనాలూ ఆ ర్యాంపు మీదే. పదినిమిషాల ముందు ప్రకటన రాగానే కింద గ్యారేజీకి దిగి, గోడ పక్కన పసుపు గీత వెనక నిలబడండి. అప్పటికే లారీల ఇంజన్లు స్టార్ట్ అయి ఉంటాయి, వాటి మధ్య నుంచి నడవొద్దు. ర్యాంపు ఉప్పునీటికి జారుతుంది, పల్చటి చెప్పుల కంటే పట్టున్న బూట్లు నయం. ఓడ అక్కడ ఆగేది కొద్ది నిమిషాలే. కొన్ని ఓడలు అజిస్త్రికీ, మెథనా, పోరోస్‌లకూ సాగిపోతాయి కాబట్టి తీరిగ్గా దిగొచ్చులే అనుకుంటే పక్క రేవులో తేలతారు.

దిగగానే చేయాల్సిన మొదటి పని తిరుగు ఓడ వేళ చూసుకోవడం. రెండోది బస్సు వేళల పట్టికను ఫొటో తీసుకోవడం. రేవు నుంచి ఎడమ వైపు కాస్త నడిస్తే బస్సుల చోటు వస్తుంది, అక్కడి కౌంటర్లోనే టికెట్లు. చార్జీ రెండు యూరోల దరిదాపు. చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి. హోటళ్లు, దుకాణాల్లో కార్డు నడుస్తుంది గానీ బస్సు, చిన్న పడవల దగ్గర నగదే నయం.

ఒక్క రోజులో రెండు దారుల్లో ఒకటే ఎంచుకోవాలి. తూర్పు దారి: అఫయా అనే గ్రీకు దేవత గుడి, అయియా మరీనా బీచ్. దక్షిణ దారి: పెర్దికా పల్లె, మోనీ దీవి. రెండూ చేద్దామనుకుంటే రోజంతా బస్సు కోసం చూడటంతోనే సరిపోతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు మేం తూర్పు దారే చెబుతాం.

అయియా మరీనా బస్సు దారిలో ముందు సెయింట్ నెక్టారియోస్ మఠం వస్తుంది. 1920లో కన్నుమూసిన ఆయనను 1961లో సెయింట్‌గా ప్రకటించారు. గ్రీస్ నలుమూలల నుంచీ భక్తులు వస్తారు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలుండాలి. ఇక్కడ దిగితే తర్వాతి బస్సు దాకా ఆగాలి, కాబట్టి భక్తి ఉన్నవాళ్లు తప్ప నేరుగా అఫయాకు వెళ్లడమే మంచిది. ఊరి నుంచి అరగంటలోపే.

అఫయా గుడిని తొందరగా చూసి వచ్చేయకండి. పైన్ చెట్ల కొండ మీద దాదాపు క్రీ.పూ. 500 నాటి, డోరిక్ అనే పాత గ్రీకు శైలి కట్టడం. 32 బయటి స్తంభాల్లో ఎక్కువ భాగం ఇంకా నిలబడి ఉన్నాయి, లోపలి వరసలో ఒకదాని మీద ఒకటి నిలిపిన రెండంతస్తుల స్తంభాలు కూడా కనిపిస్తాయి. ఏథెన్స్‌లోని అక్రోపోలిస్ కొండ మీద జనం భుజాలు రాసుకుంటూ నడుస్తారు. ఇక్కడ పొద్దుటి పూట ప్రశాంతంగా తిరగొచ్చు. దగ్గరికి వెళ్లి రాయిని చూడండి, పాలరాయి కాదు, స్థానిక సున్నపురాయి. దాని మీద గచ్చు పూత వేసి రంగులద్దేవారు. పైకప్పు కింది త్రికోణాల్లోని యుద్ధవీరుల శిల్పాలు 1811లో తవ్వి తీసుకెళ్లినవి, ఇప్పుడు జర్మనీలోని మ్యూనిక్ గ్లిప్టోథెక్ మ్యూజియంలో ఉన్నాయి. కాబట్టి ఇక్కడ వాటి కోసం వెతకొద్దు. గుడి ఆవరణలో నీడ తక్కువ. పదకొండు లోపు చూడటం ముగించండి. వడగాలుల రోజుల్లో అక్రోపోలిస్‌నే మధ్యాహ్నం పన్నెండు నుంచి ఐదు దాకా మూసేసిన సందర్భాలున్నాయి.

గుడి నుంచి అయియా మరీనాకు చెట్ల మధ్య నుంచి దిగుడు బాట ఉంది, అరగంట పైచిలుకు నడక. మోకాళ్లు బాగున్నవాళ్లకు చక్కటి దారి. లేదంటే తర్వాతి బస్సు. బీచ్ ఇసుకది, లోతు నెమ్మదిగా పెరుగుతుంది. ఈత రాని వాళ్లు నడుం లోతులో నిలబడటానికి ఈ దీవిలో ఇంతకంటే మంచి చోటు లేదు. మన తీరంలోలాగా అలలు విరుచుకుపడవు. అలాగని లోతుకు వెళ్లొద్దు. గొడుగు, రెండు పడక కుర్చీలకు అద్దె అడుగుతారు, కొన్ని చోట్ల తినడానికి ఆర్డర్ ఇస్తే అద్దె ఉండదు. కూర్చునే ముందే అడగండి. రాళ్లున్న చోట ముళ్ల గుల్లలు ఉంటాయి, రబ్బరు బూట్లు వేసుకోండి. ఉప్పునీటితో తడిసిన బట్టలతో బస్సెక్కితే తొడలు ఒరుసుకుని మండుతాయి, మార్చుకోవడానికి పొడి జత తప్పనిసరి. టాయిలెట్లలో కాగితం తొట్టిలో వేయాలి, గిన్నెలో వేస్తే గొట్టం మూసుకుపోతుంది. జెట్ స్ప్రే ఉండదు.

దక్షిణ దారి ఎంచుకున్నవాళ్లు పెర్దికాకు బస్సులో వెళ్లి, అక్కడి నుంచి చిన్న పడవలో పది నిమిషాల్లో మోనీ చేరతారు. జనావాసం లేని దీవి. నెమళ్లు, జింకలు తిరుగుతుంటాయి, మీ సంచిలోని తిండి వాసన పట్టేస్తాయి కూడా. తిరిగొచ్చే ఆఖరి పడవ ఎప్పుడో దిగేటప్పుడే అడిగి పెట్టుకోవాలి. స్కూటర్ అద్దెకు తీసుకుందామనుకుంటే ఇక్కడి ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని వెళ్లండి, లైసెన్సులో టూవీలర్ కూడా ఉండాలి. పర్మిట్ లేకుండా ఎవరైనా బండి ఇచ్చినా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వర్తించదు.

భోజనం ఎక్కడైనా సముద్రపు ఒడ్డునే. ఆక్టోపస్‌ను తీగ మీద ఆరేసి, తర్వాత నిప్పుల మీద కాల్చి పెడతారు, తినేవాళ్లకు ఇక్కడ అది ప్రత్యేకం. శాకాహారులు ఇబ్బంది పడక్కర్లేదు. ఫావా అడగండి: పసుపు బద్దలను మెత్తగా ఉడికించి, ఆలివ్ నూనె, ఉల్లిపాయ ముక్కలు వేసి ఇస్తారు, మన ముద్దపప్పు లాగే ఉంటుంది. గిగాంతెస్ అనే పెద్ద చిక్కుడు గింజల కూర, బ్రియామ్ అనే కూరగాయల బేక్ కూడా బాగుంటాయి. టమాటా, క్యాప్సికమ్‌లలో బియ్యం కూరి చేసే యెమిస్తాలో కొన్నిచోట్ల కీమా కలుపుతారు, అడిగి తీసుకోండి. వాళ్ల ఉపవాసపు వంటలను నిస్తీసిమో అంటారు, వాటిలో మాంసం, పాలు, గుడ్లు ఉండవు. కానీ రొయ్యలు, ఆక్టోపస్ ఉపవాసంలో తింటారు, కాబట్టి ఆ ఒక్క మాట నమ్ముకుని ఆర్డర్ ఇవ్వకూడదు. కారం అలవాటున్నవాళ్లకు అన్నీ చప్పగా అనిపిస్తాయి. చిన్న డబ్బాలో కారప్పొడి పట్టుకెళ్లడంలో తప్పేం లేదు.

మూడున్నర, నాలుగింటికల్లా బస్సులో ఊరికి తిరిగి రండి. మధ్యాహ్నం రెండున్నర నుంచి ఐదున్నర దాకా చిన్న దుకాణాలు మూసి ఉంటాయి, రేవు ముందరివి మాత్రం తెరిచే ఉంటాయి. ఆ సమయంలో కొలొనా వైపు వెళ్లండి, రేవు నుంచి ఉత్తరంగా పది నిమిషాల నడక. అపోలో గుడిలో మిగిలిన ఒంటి స్తంభం అక్కడే ఉంది. కింద చిన్న బీచ్‌లో ఇంకోసారి మునగొచ్చు. ఎజీనా అనే ఈ చిన్న ఊరు 1828లో కొత్త గ్రీస్ దేశానికి రాజధానిగా ఉండేది, మొదటి పాలకుడు కపోదిస్త్రియాస్ ప్రభుత్వం నాఫ్‌ప్లియోకు మారేదాకా. తాబేలు ముద్రతో వెండి నాణేలు కొట్టి, గ్రీకు లోకంలో అందరికంటే ముందుగా నాణేలు వాడినవాళ్లలో ఒకరిగా నిలిచింది కూడా ఈ దీవే.

ఇక పిస్తా. బేగంబజార్‌లో మనకు దొరికేవి ఎక్కువగా ఇరాన్, కాలిఫోర్నియా సరుకు. ఎజీనా పిస్తా వాటికంటే చిన్నగా, గుండ్రంగా ఉంటుంది, రుచి గాఢంగా ఉంటుంది. యూరోపియన్ యూనియన్ దీనికి రక్షిత పేరు హోదా ఇచ్చింది, అంటే అక్కడ పండినదానికే ఆ పేరు వాడాలి. రేవు ముందు పిస్తా రైతుల సహకార సంఘం చిన్న దుకాణం ఉంది, కొనాలంటే అక్కడే కొనండి. ధర కిలోకు 20 నుంచి 30 యూరోల మధ్య. చవకగా కనిపించే పొట్లాలు వేరే చోటి సరుకు కావచ్చు, లేబుల్ మీద ఎజీనా పేరుతో పాటు ఆ హోదా ముద్ర ఉందో లేదో చూడండి. కోత ఆగస్టు చివర మొదలై సెప్టెంబర్‌లో సాగుతుంది. జులైలో మీరు కొనేది నిరుటి పంట. అది చెడిపోయిందని కాదు, కానీ గాలి తగలని ప్యాకెట్టే తీసుకోవాలి. ఒకటి రుచి చూపించమని అడగండి, మెత్తగా తగిలితే తేమ ఎక్కినట్టే. ఇంటికి తెచ్చేవాటికి ఉప్పు లేనివి, లేదా ఉప్పు-నిమ్మరసం పట్టించి వేయించినవి రెండూ బాగా నిలుస్తాయి. పిస్తా ముద్ద డబ్బా కొంటే చెకిన్ లగేజీలోనే పెట్టండి, చేతి సంచిలో పెడితే విమానాశ్రయంలో ఆపుతారు.

తిరుగు ఓడకు ఇరవై నిమిషాల ముందు గట్టు మీద ఉండాలి. పిరేయస్‌కు వెళ్లేవీ, పోరోస్, అజిస్త్రి వైపు సాగేవీ ఒకే గట్టుకు వచ్చి ఆగుతాయి, ర్యాంపు దగ్గర సిబ్బందిని ‘పిరేయస్?’ అని అడిగి ఎక్కండి. జులైలో పొద్దు గుంకేది రాత్రి ఎనిమిదిన్నర దాటాక, కాబట్టి ఏడు గంటల ఓడ దొరికితే వెలుతురుండగానే పిరేయస్ చేరొచ్చు, అదే మంచిది. ఆఖరి ఓడను నమ్ముకోవద్దు, అది ఆగిపోతే రాత్రికి గది వెతుక్కోవాల్సిందే. హైడ్రోఫాయిల్ అక్కరకొచ్చేది ఇక్కడ ఒక్కచోటే: బస్సు ఆలస్యమై పెద్ద ఓడ తప్పిపోయినప్పుడు, గాలి నెమ్మదిగా ఉంటే. పిరేయస్‌లో దిగాక మెట్రో అర్ధరాత్రి దాకా నడుస్తుంది. మొనాస్టిరాకి వైపు వెళ్లే ఒకటో లైన్ రద్దీలో జేబుదొంగలుంటారు, పాస్‌పోర్టు ఉన్న సంచిని ముందు వైపు వేసుకుని, ఫోన్ జేబులోంచి తీసి లోపల పెట్టుకోండి.